నాలుగు మ్యాచులు ఎంత చెబుతాయి?

చెన్నై నుంచి నెల్లూరు దారి పట్టి రెడ్‌హిల్స్ దాటితే శోళవరం వస్తుంది. ఆ ఊరి చెరువు చెన్నై గొంతు తడిపే చెరువుల్లో ఒకటి. నిండితే 1.08 టీఎంసీలు. పూండి నుంచి కాలువలో వచ్చిన నీళ్లు ఇక్కడ ఆగి, తర్వాత పుళల్ చెరువుకు సాగుతాయి. కండలేరు మీదుగా పూండికి కృష్ణా నీళ్లు కూడా చేరతాయి గానీ, ఈ చుట్టుపక్కల చెరువులన్నిటి ఎదురుచూపూ ఈశాన్య రుతుపవనాల కోసమే. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది.

2015లో ఆ రుతుపవనం అక్టోబరు చివరి వారానికి గానీ మొదలు కాలేదు. ఆ నెల మూడో వారంలో కట్ట మీద నిలబడి ‘ఈ ఏడాది వానలు లేనట్టే’ అనుకున్నవాళ్లను తప్పు పట్టలేం, కళ్లెదుట కనిపించింది అదే. తర్వాత ఒక్క నవంబరులోనే చెన్నై నుంగంబాక్కంలో 1,000 మిల్లీమీటర్ల పైన వాన కురిసింది. డిసెంబరు 1న నగరం మునిగింది.

అవే మూడు నెలల్లో చెన్నైలో ఇంకో సీజన్ కూడా నడిచింది. అక్టోబరు 3న జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఆ ఏటి ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ మొదటి మ్యాచ్ జరిగింది. సొంత మైదానంలో చెన్నయిన్ ఎఫ్‌సీ 2–3 తేడాతో కోల్‌కతా జట్టు చేతిలో ఓడిపోయింది. ఆ తర్వాత కూడా తడబడుతూనే వచ్చి, పది మ్యాచులు అయ్యేసరికి పట్టికలో అట్టడుగున ఉంది. మిగిలినవి నాలుగు. నాలుగూ గెలిచింది. వరదల వల్ల సొంతగడ్డ మీద ఆడాల్సిన సెమీఫైనల్‌ను పుణెకు తీసుకుపోయి అక్కడ 3–0తో గెలిచింది. డిసెంబరు 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో, గోవా జట్టు మీదే, 3–2తో కప్పు ఎత్తింది.

ఇది ఒక్కసారి జరిగిన వింతా? 2017 నవంబరులో చెన్నయిన్ మళ్లీ సొంత మైదానంలో తొలి మ్యాచ్ ఆడింది, మళ్లీ 2–3తో ఓడింది. ఈసారి ఎదుటి జట్టు గోవా. 2018 మార్చి 17న బెంగళూరులో, బెంగళూరు మీద, 3–2తో రెండోసారి విజేత అయింది. ఆ జట్టు చరిత్రలో ఉన్న రెండు టైటిళ్లూ సొంతింట్లో తొలి ఓటమితో మొదలైనవే.

ప్రతి సీజన్ మొదట్లో అభిమానులు, పత్రికలు, క్లబ్బు యజమానులు, ఫాంటసీ లీగ్ జట్లు కట్టుకునేవాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: మొదటి నాలుగు మ్యాచులు చూసి ఎంత చెప్పొచ్చు? ‘ఇప్పుడే ఏం చెప్పలేం’ అని తప్పించుకోవడం నాకు నచ్చదు. చెప్పొచ్చు. ఎంత చెప్పొచ్చో, ఎంత చెప్పలేమో కొలిచి మరీ చెప్పొచ్చు.

దీనికి ఒక చెంబు, ఎనిమిది చీటీలు చాలు. మూడు చీటీల మీద ‘గెలుపు’, రెండింటి మీద ‘డ్రా’, మూడింటి మీద ‘ఓటమి’ అని రాయండి. ఫుట్‌బాల్‌లో సమానమైన జట్లు తలపడితే ఫలితాలు ఇంచుమించు ఈ వంతుల్లోనే వస్తాయి. ఒక చీటీ తీసి, రాసుకుని, మళ్లీ చెంబులో వేసి కలపండి. ఒక్కో జట్టుకు నాలుగుసార్లు చొప్పున పది జట్లకు తీయండి. గెలుపుకు మూడు పాయింట్లు, డ్రాకు ఒకటి.

ఈ పది జట్ల మధ్య వీసమెత్తు తేడా లేదు, అన్నిటికీ అదే చెంబు. అయినా పట్టిక చూస్తే పైన తొమ్మిదో పదో పాయింట్లతో మెరిసే జట్టు ఉంటుంది, కింద ఒక్క పాయింటుతో కుంగిన జట్టు ఉంటుంది. ఒక జట్టు నాలుగు మ్యాచుల్లో ఒక్కటీ గెలవకపోయే అవకాశం ఐదు బై ఎనిమిదిని నాలుగుసార్లు హెచ్చిస్తే వస్తుంది: దాదాపు 15 శాతం. అంటే పది సమాన జట్లలో సగటున ఒకటో రెండో, ఏ తప్పూ చేయకుండానే, గెలుపు మొహం చూడకుండా నాలుగు మ్యాచులు దాటతాయి. నాలుగు మ్యాచుల సగటు 5.5 పాయింట్లు. దానికి అటూ ఇటూ రెండున్నర పాయింట్లు ఒట్టి చీటీల పుణ్యమే. మూడు పాయింట్లున్న జట్టునూ ఎనిమిది పాయింట్లున్న జట్టునూ పక్కపక్కన పెట్టి ‘ఇది మంచిది, అది చెడ్డది’ అనడానికి ఆధారం చాలా తక్కువ.

పద్దెనిమిది మ్యాచుల దాకా చీటీలు తీసే ఓపిక ఉంటే మరో సంగతి బయటపడుతుంది. సగటు 25 పాయింట్ల దగ్గర తేలుతుంది గానీ, పది సమాన జట్లలో పైనున్నది తరచుగా 32, 33 పాయింట్లు పోగు చేస్తుంది. 2017–18లో కప్పు గెలిచిన చెన్నయిన్ లీగ్ దశలో తెచ్చుకున్నవి 32. ఆ జట్టుకు ప్రతిభ లేదని కాదు. ఒక సీజన్ పూర్తయ్యాక కూడా పట్టికలో అదృష్టం పాలు మనం అనుకునేదానికంటే ఎక్కువని దీని అర్థం. గోల్స్ అరుదుగా పడే ఆట ఇది. నూటికి పైగా పరుగులు చేసే క్రికెట్ లాగానో, ఎనభై తొంభై పాయింట్లు పోగయ్యే బాస్కెట్‌బాల్ లాగానో పొరపాట్లు ఒకదాన్నొకటి చెరిపేసుకునే వీలు ఇక్కడ లేదు. గోల్‌పోస్టుకు తగిలిన బంతి లోపలికి దొర్లిందా బయటికి దొర్లిందా అన్నదాని మీద మూడు పాయింట్లు ఆధారపడి ఉంటాయి.

కొద్ది సమాచారం నుంచి ఎంత నిజం పిండగలం అన్న ప్రశ్నకు పునాది వేసినవాడు మన తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ముగించుకుని కలకత్తా చేరాడు. అక్కడ పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి అడిగాడట: సమాచారం కుప్పలుగా ఉన్నప్పుడు గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన ఈ సూత్రం చెల్లుతుంది సరే, కొంచెమే ఉన్నప్పుడో? ఆ రాత్రి కూర్చుని రావు జవాబు కనుక్కున్నాడు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చయిన ఆ వ్యాసమే, స్వీడన్‌లో విడిగా అదే ఫలితం కనుగొన్న హెరాల్డ్ క్రామర్ పేరు కూడా కలుపుకుని, ఇవాళ ప్రపంచమంతా క్రామర్–రావు హద్దుగా చదువుకుంటోంది. అప్పటికి ఆయనకు ఇంచుమించు పాతికేళ్లు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో, నూట రెండేళ్ల వయసులో వెళ్లిపోయాడు.

ఆ హద్దు చెప్పేదేమిటి? చేతిలో ఉన్న సమాచారానికి ఒక లోతు ఉంటుంది. ఎంత తెలివైన లెక్క వేసినా, పక్షపాతం లేని అంచనా అయినంతవరకూ, పొరపాటును ఆ లోతుకంటే కిందికి దించలేం. పొరపాటు తగ్గే వేగం కూడా మన ఆశకు లొంగదు. మ్యాచులు నాలుగింతలైతే గానీ పొరపాటు సగం కాదు. మన చెంబు లెక్కలో నాలుగు మ్యాచుల తర్వాత పొరపాటు మ్యాచికి 0.66 పాయింట్లు. దాన్ని సగం చేయాలంటే పదహారు మ్యాచులు ఆగాలి. విజేత జట్టుకూ మధ్యలో ఉండే జట్టుకూ నిజంగా ఉండే తేడా మ్యాచికి అర పాయింటు చిల్లరే. నాలుగు మ్యాచుల దగ్గర మనం వెతుకుతున్న తేడా ఎంతో, కొలిచే త్రాసు వణుకు అంత. ఇది విశ్లేషకుడి చేతగానితనం కాదు, గణితం గీసిన గీత.

ఇక ఫాంటసీ లీగ్ సంగతి. తెలియనివారికి రెండు మాటల్లో: నిజం ఆటగాళ్లతో మీరొక ఊహా జట్టు కట్టుకుంటారు, వాళ్లు నిజం మ్యాచుల్లో చేసినదాన్ని బట్టి మీకు పాయింట్లు వస్తాయి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ నడిపే ఫాంటసీ ఆట 2002లో మొదలై ఇప్పుడు కోటిమందికి పైగా ఆడే స్థాయికి చేరింది. ఉత్తుత్తి బడ్జెట్ పది కోట్ల పౌండ్లు, పదిహేనుమంది ఆటగాళ్లు, ఒక క్లబ్బు నుంచి ముగ్గురికి మించకూడదు, కెప్టెన్‌కు రెట్టింపు పాయింట్లు, ముప్ఫై ఎనిమిది వారాలు. అనుమతికి మించి ఆటగాళ్లను మారిస్తే మార్పుకు నాలుగు పాయింట్లు కోత. ఆ కోత నాకు చాలా అర్థవంతంగా కనిపిస్తుంది. తొందరపాటుకు వెలకట్టిన ఆట ఇది.

కోటిమంది ఆడే ఆటలో మొదటి వారం అగ్రస్థానం ఎవరిదో ఆలోచించండి. కోటిమంది తలా ఒక నాణెం పట్టుకుని ఇరవైసార్లు ఎగరేస్తే, ఇరవైసార్లూ బొమ్మే పడేవాళ్లు దాదాపు పదిమంది తేలతారు. వాళ్ల మణికట్టులో ఏ విద్యా లేదు. మొదటి వారం పట్టికలో పైనున్న పేర్లు చూసి ఆ జట్లను నకలు కొట్టడమంటే ఆ పదిమంది దగ్గర నాణెం ఎగరేయడం నేర్చుకోవడమే.

అయితే తొలివారాల మెరుపంతా ఉత్తదేనా? కాదు. 2012 ఆగస్టు 18న స్వాన్సీ తరఫున మొదటి ప్రీమియర్ లీగ్ మ్యాచ్ ఆడిన స్పెయిన్ ఆటగాడు మిచు ఆ రోజే రెండు గోల్స్ వేశాడు. జట్టు 5–0తో గెలిచింది. చవగ్గా దొరుకుతున్న అతన్ని వెంటనే కొన్నవాళ్లు లాభపడ్డారు, సీజన్ ముగిసేసరికి లీగ్‌లో అతనివి 18 గోల్స్. అతన్ని నమ్మి మరుసటి ఏడాదీ మోసినవాళ్లకు మాత్రం గాయాల మధ్య దక్కినవి రెండు. నిరుడు 18, ఇప్పుడు 2. అతని నైపుణ్యం రెండు సీజన్లలోనూ ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంటుందని ఊహించడం న్యాయం.

ఇలా ‘మధ్య ఎక్కడో’ అనడాన్ని లెక్కగా మార్చినవాళ్లున్నారు. 1956లో ఛార్లెస్ స్టైన్, 1961లో విల్లర్డ్ జేమ్స్‌తో కలిసి, అప్పటి గణాంక శాస్త్రవేత్తలు ఓ పట్టాన మింగలేని ఫలితం చూపించాడు. ఒకేసారి మూడు లేదా అంతకంటే ఎక్కువ సంగతులను అంచనా కట్టాల్సి వస్తే, దేని సగటు దానికి విడివిడిగా నమ్మడం కంటే, అన్నిటినీ ఉమ్మడి సగటు వైపు కొంత జరపడం మొత్తం మీద మేలు. రావు గీసిన గీత పక్షపాతం లేని అంచనాలకు. స్టైన్ తెలిసి తెలిసి కాస్త పక్షపాతం కలిపి మొత్తం పొరపాటును తగ్గించాడు. 1977లో ఎఫ్రాన్, మోరిస్ అనే గణాంకవేత్తలు దీన్ని బేస్‌బాల్ మీద పెట్టి చూపారు. 1970 సీజన్ మొదట్లో 18 మంది బ్యాటర్లు, ఒక్కొక్కరివి 45 అవకాశాలు. పైనున్న రాబర్టో క్లెమెంటె సగటు 0.400. మిగిలిన సీజన్‌లో అతను చేసింది 0.346. సగటు వైపు జరిపిన అంచనా 18 మందిలో 16 మంది విషయంలో నిజానికి దగ్గరైంది, మొత్తం పొరపాటు మూడో వంతు లోపుకు పడిపోయింది.

మీ ఫాంటసీ జట్టుకు దీన్ని వాడుకోవడం సులువు. ఒక ఫార్వర్డ్ మూడు మ్యాచుల్లో నాలుగు గోల్స్ వేశాడనుకుందాం. అలాంటి ఫార్వర్డ్‌లు మామూలుగా మ్యాచికి 0.4 వేస్తారనుకుందాం. అతని ఖాతాలో పది మామూలు మ్యాచులు, అంటే నాలుగు గోల్స్, ముందే ఉన్నట్టు కలపండి. పదమూడు మ్యాచుల్లో ఎనిమిది గోల్స్: మ్యాచికి 0.6. మామూలుకంటే మంచివాడే, కానీ పట్టిక అరుస్తున్నట్టు మ్యాచికి 1.33 కాదు. ఆ పది అన్న సంఖ్య దైవదత్తం కాదు, పాత సీజన్ల లెక్కలు చూసి తేల్చుకోవాల్సింది. గోల్స్‌కు ఎక్కువ కావాలి. గోల్ వైపు కొట్టిన షాట్లు, పెనాల్టీ బాక్సులో బంతి తాకిన సందర్భాలు తరచుగా జరుగుతాయి గనుక వాటికి తక్కువ చాలు. అందుకే సీజన్ మొదట్లో గోల్స్ కంటే షాట్లను లెక్కపెట్టేవాడు ముందుంటాడు. ఎవరు పెనాల్టీలు కొడుతున్నారు, ఎవరు తొంభై నిమిషాలూ మైదానంలో ఉంటున్నారు అన్నవి ఒకటి రెండు మ్యాచుల్లోనే తెలిసిపోతాయి. వాటి మీద తొందరగా నిర్ణయం తీసుకోవడంలో తప్పులేదు.

సున్నాకు కూడా ఇదే న్యాయం చేయాలి. 2019–20 సీజన్ చెన్నయిన్‌కు ఎలా మొదలైందో గుర్తుందా? గోవా చేతిలో 0–3, ముంబైతో 0–0, కోల్‌కతా చేతిలో 0–1, బెంగళూరు చేతిలో 0–3. నాలుగు మ్యాచులు, ఒక్క పాయింటు, ఒక్క గోల్ లేదు. లిథువేనియా నుంచి వచ్చిన ఫార్వర్డ్ నెరియుస్ వల్స్కిస్ ఖాతా కూడా సున్నాయే. మన సూత్రం ప్రకారం అతనికి 14 మ్యాచుల్లో 4 గోల్స్, అంటే మ్యాచికి 0.29. తీసి పారేయాల్సిన అంకె కాదు. నవంబరు 25న చెన్నైలో హైదరాబాద్ ఎఫ్‌సీతో ఐదో మ్యాచ్. తొంభై నిమిషాలు 0–0. ఇంజురీ టైమ్ రెండో నిమిషంలో షెంబ్రి ఆ సీజన్‌కు చెన్నయిన్ తొలి గోల్ వేశాడు. మరుసటి నిమిషంలోనే హైదరాబాద్ సమం చేసింది. ఇంకో రెండు నిమిషాలకు వల్స్కిస్. 2–1. సీజన్ ముగిసేసరికి అతనివి 15 గోల్స్, గోల్డెన్ బూట్ అతనిదే. సూత్రం కూడా అంత ఊహించలేదు, ఊహించకూడదు కూడా. వదిలేయొద్దని మాత్రం చెప్పింది.

ఆ జట్టు కథ ఇక్కడ ఒక చిక్కు ముడి వేస్తుంది. డిసెంబరు మొదట్లో కోచ్ జాన్ గ్రెగరీ స్థానంలో ఓవెన్ కోయిల్ వచ్చాడు. పట్టిక కింద ఉన్న జట్టు నాలుగో స్థానానికి ఎగబాకి, సెమీస్ దాటి, 2020 మార్చి 14న కరోనా భయంతో ఖాళీగా ఉన్న ఫటోర్డాలో ఫైనల్ ఆడి 1–3తో ఓడింది. అంతా కోయిల్ మహిమేనా? మ్యాచికి 1.3 గోల్స్ వేసే మామూలు జట్టు వరుసగా నాలుగింట్లో సున్నా చుట్టే అవకాశం దాదాపు 180లో ఒకటి. పది జట్లలో ఏదో ఒకదానికి సీజన్ మొదట్లో అలా జరగడమంటే పద్దెనిమిదిలో ఒకటి. అరుదే గానీ అసంభవం కాదు. కోచ్‌ను ఎప్పుడు మారుస్తారు? ఫలితాలు అడుగంటినప్పుడు. అడుగంటినవి, ఎవరున్నా లేకున్నా, సగటు వైపు లేస్తాయి. లేచినప్పుడు పక్కనున్న కొత్తవాడికి దండ పడుతుంది. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తు, పిల్లల ఎత్తు పోల్చి చూసి పేరు పెట్టిన ‘సగటుకు తిరోగమనం’ ఇదే. చెన్నయిన్ ఎగసిన తీరు చూస్తే కోయిల్ పనితనం కొంత ఉందనే నేను నమ్ముతాను. గ్రెగరీ మీద పడిన నింద మొత్తం గ్రెగరీది కాదని అంతకంటే గట్టిగా నమ్ముతాను. రెండేళ్ల కిందట అదే జట్టుకు కప్పు తెచ్చిన కోచ్ ఆయనే.

కొన్నిసార్లు మొదటి మ్యాచే నిజం చెబుతుంది. 2019 అక్టోబరు 25న హైదరాబాద్ ఎఫ్‌సీ తన జీవితంలో తొలి మ్యాచ్ కోల్‌కతాలో ఆడి 0–5తో ఓడింది. ఆ సీజన్ 18 మ్యాచుల్లో రెండే గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది, 5–0తో గెలిచిన కోల్‌కతా జట్టు విజేత అయింది. కానీ నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళ మీద 2–1తో గెలిచినప్పుడు స్టేడియం నుంచి ఇళ్లకు వెళ్లినవాళ్లలో ఈ ముగింపు ఊహించినవాళ్లు ఎందరు? ఆ జట్టే మూడో సీజన్‌లో, 2022 మార్చి 20న, దేశ విజేత. 2023–24లో 22 మ్యాచుల్లో ఒక్క గెలుపుతో మళ్లీ అట్టడుగు. ఈ చివరి పతనం చీటీల పని కాదు. డబ్బు కటకటలో ఆటగాళ్లు వెళ్లిపోయారు. చెంబులోని చీటీలే మారిపోయాయి. లెక్క వేసేవాడు ముందు చూడాల్సింది అదే: చెంబు పాతదేనా?

డబ్బు సంగతి వచ్చింది గనుక ఒక మాట. మన దేశంలో ఏ ఆట నైపుణ్యం, ఏ ఆట జూదం అన్న వాదన పాతది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని, తమిళనాడు కేసులో 1996లో గుర్రప్పందేలను నైపుణ్యం పాలు ఎక్కువున్న ఆటలుగా గుర్తించింది. డబ్బు పెట్టి ఆడే ఫాంటసీ ఆటలు చాలాకాలం ఆ నీడలోనే పెరిగాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలకు తెర దించింది. నైపుణ్యం ఉందా లేదా అని అడిగేబదులు, అది బయటపడటానికి ఎన్ని మ్యాచులు పడుతుంది అని అడిగి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. ఎదుటివాడి మీద వారానికి 55 శాతం గెలుపు అవకాశమున్న నేర్పరిని తీసుకోండి. ముప్ఫై ఎనిమిది వారాలు ఆడినా చివరికి అతను ముందుండే అవకాశం మూడింట రెండు వంతులే. ఐదింట ఒకసారి అతను వెనకబడే ఉంటాడు. ఒక్క సాయంత్రం మ్యాచు మీద జీతం డబ్బు పెట్టిన కుర్రాడికి ఆ నేర్పు ఏం కాపు కాస్తుంది? అలాంటి కుర్రాళ్ల ఇళ్లు తిరువళ్లూరు, తిరుత్తణి వైపు కూడా ఉన్నాయి, తెలుగు మాట్లాడే ఇళ్లు కూడా. వాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

తొలి ఓటమిని ఎలా చదవాలో తెలిసిన మనిషి కోసం వెతికితే నాకు హైదరాబాద్‌లోనే ఒకాయన కనిపిస్తాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం 1962లో భారత జట్టును జకార్తా ఆసియా క్రీడలకు తీసుకువెళ్లాడు. మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాతో. 0–2. తర్వాత థాయ్‌లాండ్ మీద 4–1తో గెలిచినా, ఆ మ్యాచులో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2–0. సెమీఫైనల్‌కు రహీం జర్నైల్‌ను మళ్లీ దింపాడు, ఈసారి ఫార్వర్డ్‌గా. దక్షిణ వియత్నాం మీద 3–2. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. పీకే బెనర్జీ ఒక గోల్ వేశాడు, తలకు కుట్లతోనే ఆడిన జర్నైల్ రెండోది వేశాడు. 2–1.